గుప్పెడు ప్లుటోనియం, ఇద్దరు హక్కుదారులు: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన సంచికలో వాయేజర్ అంతరిక్ష నౌకల గురించి రాస్తూ చివర్లో నాలుగు లైన్లు కలిపాం. 1977లో వెళ్ళిన ఆ రెండూ ఇంకా సిగ్నల్ పంపుతున్నాయంటే వాటిలో ఉన్న ప్లుటోనియం వేడి వల్లేననీ, ఇప్పుడు ఆ సరుకు అమెరికా దగ్గరే చాలినంత లేదనీ, ఉన్నదాని కోసం నాసా, ఎనర్జీ డిపార్ట్‌మెంట్, రక్షణ వాళ్ళు అంటూ అక్కడి ప్రభుత్వ శాఖలే పోటీ పడ్డాయనీ. వ్యాసం మొత్తం వదిలేసి ఆ నాలుగు లైన్ల మీదే విశాఖ నుంచి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే నాకూ అసలు చెప్పాల్సిన విషయం అదే అనిపిస్తుంది. ఈసారి పేజీ అంతా దానికే.

అమెరికా దగ్గర వేల అణుబాంబులు ఉన్నాయంటారు, మరి ప్లుటోనియం కొరత ఏంటి సార్? నమ్మబుద్ధి కావట్లేదు.
– డిగ్రీ స్టూడెంట్, గాజువాక

ప్లుటోనియం అంతా ఒకటే రకం కాదు తమ్ముడూ. బాంబులో పెట్టేది ప్లుటోనియం-239, అది వాళ్ళ దగ్గర టన్నుల్లో ఉంది, మనం మాట్లాడుకునేది ప్లుటోనియం-238, ఇది బాంబుకి పనికిరాదు, దానంతట అదే విపరీతంగా వేడెక్కిపోతుంది. ఒక్క గ్రాము నుంచి అర వాటు పైనే వేడి వస్తూ ఉంటుంది, మంట లేదు, పరమాణువులు వరసగా ఒకదాని వల్ల ఒకటి పగిలే గొలుసు చర్య లేదు, ఆన్ ఆఫ్ స్విచ్ కూడా లేదు, ఊరికే అలా పెట్టి ఉంచితే చాలు. ఆ వేడికి ఒక పక్క, అంతరిక్షంలో చల్లదనానికి ఇంకో పక్క తగిలేలా కొన్ని లోహ మిశ్రమాలు పెడితే వాటిలో కరెంటు పుడుతుంది. దాన్నే ఆర్టీజీ అంటారు. కదిలే భాగం ఒక్కటి కూడా ఉండదు కాబట్టి పాడయ్యేదీ తక్కువే, కాకపోతే వేడిలో నూటికి 6, 7 వంతులే కరెంటుగా మారుతుంది, మిగతాది వేడిగానే పోతుంది, అది కూడా వృథా కాదు, నౌకలో పరికరాలు గడ్డకట్టకుండా కాపాడుతుంది.

మార్స్ మీద తిరుగుతున్న క్యూరియాసిటీ, పర్సివరెన్స్ రోవర్లు ఉన్నాయి కదా, ఒక్కోదానిలో 4.8 కిలోల ప్లుటోనియం డయాక్సైడ్ పెట్టారు, దాని నుంచి మొదట్లో వచ్చే కరెంటు సుమారు 110 వాట్లు. అంత చిన్న కరెంటుకి అంత సరుకు. శనిగ్రహానికి వెళ్ళిన కసీనిలో అయితే 33 కిలోల దాకా ఉంది.

ఇక కొరత ఎందుకొచ్చిందంటే, ఈ 238 గనిలో దొరికేది కాదు. నెప్ట్యూనియం-237 అనే పదార్థాన్ని రియాక్టర్లో పెట్టి న్యూట్రాన్లు కొట్టిస్తే అందులో కొంత భాగం 238గా మారుతుంది, తర్వాత దళసరి గోడల వెనక నుంచి రోబో చేతులతో కెమిస్ట్రీ చేసి దాన్ని విడదీయాలి. అమెరికాలో ఈ పని సౌత్ కరోలినాలోని సవానా రివర్ దగ్గర చేసేవారు, అక్కడి రియాక్టర్లు అసలు కట్టింది బాంబుల సరుకు కోసం, 238 పక్కన వచ్చే పని. 1988లో ఆ రియాక్టర్ ఆగిపోయింది, దాంతో ఇదీ ఆగింది. అంతరిక్ష పరిశోధన అంతా ఆయుధాల ఫ్యాక్టరీని ఆనుకుని బతికింది, ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున పరిశోధనకి సొంత వంటగది లేదని తెలిసింది.

మీరు రాసిన "పోటీ" ఎవరెవరి మధ్య? నాసా కూడా ప్రభుత్వమే, ఆ ఎనర్జీ డిపార్ట్‌మెంట్ కూడా ప్రభుత్వమే, ఒకే జేబు కదండీ?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మధురవాడ

ఒకే జేబు అని మనకి అనిపిస్తుంది గానీ లోపల అరలు వేరు అమ్మా. ఈ సరుకు మీద యాజమాన్యం నాసాది కాదు, ఎనర్జీ డిపార్ట్‌మెంట్‌ది. ఆర్టీజీ అంతరిక్షంలోకి వెళ్ళాక కూడా కాగితం మీద అది వాళ్ళదే. నాసా ఒక కస్టమర్. రెండో కస్టమర్ "జాతీయ భద్రత" అనే పేరుతో వచ్చే వాళ్ళు, వాళ్ళు దేనికి వాడతారో, ఎంత కావాలో బయటికి చెప్పరు.

1988 తర్వాత కొత్త సరుకు లేదు, ఉన్న నిల్వే వాడుకోవాలి. అప్పుడు 1992లో రష్యాతో ఒప్పందం చేసుకుని కొనడం మొదలుపెట్టారు, మొత్తం మీద 16 కిలోల పైన వచ్చింది. కానీ ఆ అమ్మకంలో ఒక షరతు ఉంది, ఈ సరుకు శాంతియుత పనులకే వాడాలి, రక్షణ పనులకి వాడకూడదు అని. ఈ ఒక్క షరతుతో మొత్తం లెక్క మారిపోయింది. రష్యా సరుకు రక్షణ వాళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి, అమెరికాలో తయారైన పాత సరుకుని వాళ్ళ కోసం పక్కన పెట్టేశారు, నాసా వాటాకి రష్యా సరుకు వచ్చింది. పైకి చూస్తే ఇద్దరికీ న్యాయం జరిగినట్టే ఉంటుంది, నిజానికి నాసా తన భవిష్యత్తు మొత్తం ఇంకో దేశం మంచి మూడ్ మీద పెట్టుకున్నట్టయింది, 2009లో రష్యా ఒప్పందం మళ్ళీ మాట్లాడుకుందాం అనేసరికి అదీ ఆగిపోయింది, రష్యాలోనూ కొత్తగా తయారు చేయడం అప్పటికే లేదు.

2000ల మధ్యలో ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ఐడహోలో ఉత్పత్తి మళ్ళీ మొదలుపెట్టాలని ఒక ప్లాన్ బయటపెట్టింది. అప్పుడు చెప్పిన ప్రధాన కారణం జాతీయ భద్రత అవసరాలే. ఆ ప్లాన్ అప్పట్లో ముందుకు సాగలేదు. ఆ తర్వాత కథ తిరగబడింది, డబ్బు పెట్టాల్సింది ఎవరు అనే దగ్గర ఏళ్ళకేళ్ళు గడిచాయి, సగం నాసా సగం ఎనర్జీ డిపార్ట్‌మెంట్ పెట్టుకుందాం అంటే వాళ్ళ పార్లమెంటులో ఎనర్జీ డిపార్ట్‌మెంట్ వాటా మళ్ళీ మళ్ళీ కొట్టేశారు, చివరికి మొత్తం ఖర్చు నాసా నెత్తినే పడింది. 2009లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక రిపోర్టు ఇచ్చింది, ఇంకా ఆలస్యం చేస్తే దూర గ్రహాల ప్రయాణాలు ఆగిపోతాయి అని చాలా గట్టిగా రాశారు. టెనసీలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో కొత్త సరుకు తయారైంది ఎప్పుడో తెలుసా? 2015 డిసెంబర్‌లో. ఎంత? 50 గ్రాములు. ఏడాదికి కిలోన్నర దాకా పెంచుతాం అని లక్ష్యం పెట్టుకున్నారు. ఒక్క రోవర్‌కి 4.8 కిలోలు కావాలన్న లెక్క పక్కన పెట్టి చూడండి, పూర్తి స్పీడు అందుకున్నా ఒక రోవర్‌కి మూడేళ్ళ తయారీ.

నేను రక్షణ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. దేశ రక్షణకి ముందు ఇచ్చి, మిగిలితే ఫొటోలు తీసే నౌకలకి ఇవ్వడంలో తప్పేముంది? మీ వ్యాసంలో రక్షణ వాళ్ళని తప్పుపట్టినట్టు ఉంది.
– ఒక పెద్దాయన, ఎంవీపీ కాలనీ

అయ్యా, మీ మాట నేను కొట్టిపారేయను. అసలు అంతరిక్షంలో మొట్టమొదటి ఆర్టీజీ ఎక్కినది అమెరికా నేవీ ఉపగ్రహం మీదే, 1961 జూన్‌లో ట్రాన్సిట్ 4ఏ అని, సబ్‌మెరైన్లకి తామెక్కడున్నామో చెప్పడానికి పెట్టిన ఉపగ్రహాల వరసలోది. అంటే రక్షణ వాళ్ళు తర్వాత వచ్చి లాక్కున్నారు అనడానికి లేదు, మొదట దారి వేసింది వాళ్ళే. చలికి, చీకటికి, మనిషి వెళ్ళలేని చోటుకి పెట్టే పరికరం ఎవరిదైనా దీని అవసరం నిజమైనదే.

నా బాధ వరసలో ఎవరు ముందు అనే దాని మీద కాదు. వరసే కనిపించకపోవడం మీద. నాసా తనకి ఏ మిషన్‌కి ఎన్ని కిలోలు కావాలో ఇరవై ఏళ్ళ ముందు నుంచి బహిరంగంగా పట్టిక ఇవ్వాలి, దాన్ని సైంటిస్టులు, ఆడిటర్లు, ఎంపీలు అందరూ చూసి ప్రశ్నిస్తారు, తగ్గించమంటారు. ఇంకో పక్క వాళ్ళ అవసరం ఒక మూసిన కవరు. రెండు అవసరాలూ ఒకే డబ్బాలోంచి తీరాల్సినప్పుడు, ఒకటి లెక్కతో అడుగుతూ ఇంకోటి లెక్క చెప్పకుండా అడిగితే పంపకం ఎప్పుడూ ఒక వైపే వంగుతుంది, ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. రహస్యం ఉండాల్సిందే, ఎక్కడ వాడతారో చెప్పొద్దు, ఏ పరికరమో చెప్పొద్దు, కానీ వచ్చే పదేళ్ళలో ఇన్ని కిలోలు అనే ఒక అంకె చెబితే దేశానికి వచ్చే ప్రమాదం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

ఇంకో విషయం కూడా ఉంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఈ సరుకుని దాచిపెట్టి ఉంచితే ఉండదు. దీని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) 87.7 ఏళ్ళు, అంటే బీరువాలో పెట్టి తాళం వేసినా ఏడాదికి సుమారు 0.8 శాతం తగ్గుతూ పోతుంది, 30 ఏళ్ళు "ఎప్పుడైనా కావాల్సి రావచ్చు" అని పక్కన పెడితే ఐదో వంతు పోయినట్టే. మన ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మ ఎవరి బోటుదో తేలేదాకా ఎండలో పెట్టి వాదించుకుంటే ఏమవుతుందో ఇదీ అంతే. 2017 నాటికి అమెరికాలో నాసా కోసం ఉంచిన 35 కిలోల్లో సగం వరకే నౌకలకి సరిపడే వేడి ఉన్న సరుకు, మిగతాది పాతబడిపోయింది, కొత్తది కలిపి బలం పెంచాల్సిందే.

ఆ ఫొటోలు తీసే నౌకలు అన్నారు కదా, న్యూ హొరైజన్స్ సంగతి చెప్తాను. 2006 జనవరిలో ప్లూటోకి బయల్దేరింది, 2015 జులైలో చేరింది. దానికి ఇంధనం తయారు చేయాల్సిన లాస్ అలమోస్ ల్యాబ్‌లో 2004లో భద్రత సమస్యల మీద పనులు ఆపేశారు, టైముకి కొత్త ఇంధనం పూర్తిగా అందలేదు, పాత ఇంధనం కొంత కలిపి సర్దారు. అనుకున్న దానికంటే తక్కువ కరెంటుతో ఆ నౌక వెళ్ళింది, ఇంజనీర్లు వాటు వాటూ లెక్కపెట్టి ఏ పరికరం ఎప్పుడు వేయాలో రాసుకున్నారు. అది జరిగిపోయిన మిషన్ కాబట్టి మనకి తెలిసింది. ఇంధనం లేదని అసలు కాగితం మీదికే రాని మిషన్లు ఎన్నో, వాటికి లెక్క ఉండదు. డిస్కవరీ అనే చిన్న మిషన్ల పోటీలో 2014లో ప్రపోజల్స్ పిలిచినప్పుడు ఆర్టీజీ వాడే ఐడియాలు పంపొద్దని ముందే చెప్పేశారు. కుర్ర సైంటిస్టు ఆలోచన అక్కడే ఆగిపోతుందండీ. నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించేది ఇదే.

మన వైజాగ్‌లో తయారైన అరిహంత్ సబ్‌మెరైన్ కూడా ఇదే ప్లుటోనియంతో నడుస్తుందా?
– ఇంటర్ స్టూడెంట్, సింథియా

లేదు బాబూ. అరిహంత్‌లో ఉన్నది అసలు సిసలు రియాక్టర్, 83 మెగావాట్లు, శుద్ధి చేసిన యురేనియంలో గొలుసు చర్య జరిపి ఆవిరి పుట్టించి నడుపుతారు. ఆర్టీజీలో గొలుసు చర్యే లేదు, వందల వాట్లు వస్తే గొప్ప. ఆ యురేనియంని శుద్ధి చేసే ప్లాంటు మైసూరు దగ్గర ఉంది. 2009 జులై 26న ఇక్కడే నీళ్ళలోకి దించారు, నువ్వు అప్పటికి పుట్టావో లేదో. పేరు ఒకటే "అణుశక్తి" గానీ రెండూ వేరే కుటుంబాలు.

సోలార్ ప్యానెల్స్ ఇంత చవకయ్యాక ఈ గొడవంతా ఎందుకు?
– సోలార్ ఇన్‌స్టలేషన్ చేసే ఒకరు, పెందుర్తి

చాలా చోట్ల సోలారే వాడుతున్నారు, వాడాలి కూడా. 2011లో వెళ్ళిన జూనో గురుగ్రహం దాకా సోలార్‌తోనే వెళ్ళింది, ఒక్కొక్కటి 9 మీటర్ల పొడవు ఉన్న మూడు రెక్కలు, భూమి దగ్గర 14 కిలోవాట్లు ఇచ్చే ఆ ప్యానెల్స్ అక్కడ 500 వాట్ల దగ్గర ఆగిపోతాయి. 2024 అక్టోబర్‌లో వెళ్ళిన యూరోపా క్లిప్పర్‌ది కూడా సోలారే. శని దాటితే మాత్రం ఎండ మరీ పలచన. మార్స్ మీద దుమ్ము సమస్య, 2018లో తుఫానుకి ఆపర్చునిటీ రోవర్ మూగబోయింది, ఇన్‌సైట్ 2022లో ప్యానెల్స్ మీద దుమ్ము పేరుకుని ఆగింది. శని చుట్టూ తిరిగే టైటాన్ మీద ఎప్పుడూ దట్టమైన పొగమంచు, అక్కడికి 2028లో పంపాలనుకుంటున్న డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రానికి ఆర్టీజీ తప్ప దారి లేదు. సోలార్ పనిచేసే చోట సోలార్ పెడితే, పనిచేయని చోటుకి ఆ గుప్పెడు ప్లుటోనియం మిగులుతుంది, అందుకని మీ వృత్తివాళ్ళే ఈ కొరతకి సగం మందు.

రాకెట్ పేలిపోతే ఇదంతా గాలిలో కలిసి మన మీద పడదా? హిమాలయాల్లో కూడా ఏదో పోగొట్టారని విన్నాను, నిజమేనా?
– గృహిణి, సీతమ్మధార

రెండూ నిజంగా అడగాల్సిన ప్రశ్నలే అమ్మా, దాచకుండా చెప్తాను. 1964 ఏప్రిల్‌లో ఒక అమెరికా నేవీ ఉపగ్రహం కక్ష్యకి చేరలేక తిరిగి పడిపోయింది, దానిలోని ఆర్టీజీ పైవాతావరణంలోనే కాలిపోయి సుమారు ఒక కిలో ప్లుటోనియం ధూళిగా చెదిరిపోయింది. అప్పట్లో డిజైనే అలా ఉండేది, కాలిపోయి పలచబడిపోతే చాలు అనుకున్నారు. ఆ తర్వాత ఆ ఆలోచన పూర్తిగా మార్చారు, ఏం జరిగినా డబ్బా పగలకూడదు అని. ఇంధనాన్ని పింగాణీ లాంటి గట్టి బిళ్ళలుగా చేసి, ఇరీడియం అనే లోహంలో చుట్టి, పైన గ్రాఫైట్ కవచం వేస్తారు. 1968లో కాలిఫోర్నియా తీరంలో ఒక వాతావరణ ఉపగ్రహం రాకెట్ పేలి సముద్రంలో పడితే ఆర్టీజీ చెక్కుచెదరకుండా దొరికింది, ఆ ఇంధనాన్నే తర్వాతి ఉపగ్రహంలో వాడారు. 1970లో అపోలో 13 వెనక్కొచ్చినప్పుడు దానిలో ఉన్న ఆర్టీజీ పసిఫిక్‌లో టోంగా అగాధం దగ్గర పడింది, లీకైనట్టు ఎక్కడా కనపడలేదు. దీని కిరణాలు చర్మం కూడా దాటవు, ప్రమాదమంతా ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే, అందుకే ధూళి కాకుండా చూడటం మీదే డిజైన్ అంతా నిలబడింది.

హిమాలయాల సంగతి నిజమే. 1965లో చైనా అణుపరీక్షల మీద కన్నేయడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి నందాదేవి మీద ఒక యంత్రం పెట్టాలనుకున్నారు, కరెంటుకి ప్లుటోనియం ఆర్టీజీ. మన వైపు కెప్టెన్ ఎం.ఎస్. కోహ్లీ నాయకుడు. మంచు తుఫానుతో పైకి చేర్చలేక మధ్యలో కట్టేసి దిగారు, 1966లో మళ్ళీ వెళ్తే అది లేదు. ఇప్పటికీ దొరకలేదు. 1978లో విషయం బయటపడ్డాక ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు. ఆ మంచు కరిగి వచ్చే నీళ్ళు గంగలో కలుస్తాయి. ఇందాక ఎంవీపీ కాలనీ పెద్దాయనకి చెప్పినదానికి ఇది మన సొంత ఉదాహరణ అండీ, 13 ఏళ్ళు ఆ కొండ కింద ఊళ్ళవాళ్ళకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

లైట్‌హౌస్‌లకి కూడా అణు బ్యాటరీలు పెట్టారంట, మా డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌లో ఉందా?
– బోటు యజమాని, జాలారిపేట

మన దగ్గర లేదు, భయపడకండి. అది సోవియట్ యూనియన్ చేసిన పని. ఉత్తర ధ్రువ తీరంలో మనుషులు ఉండని చోట్ల వెయ్యి దాకా పెట్టారు, ప్లుటోనియం కాదు, స్ట్రాన్షియం-90 అనే చవక సరుకుతో. దేశం విడిపోయాక కొన్నిటిని చూసుకునే వాళ్ళు లేకుండా పోయారు, లోహం కోసం దొంగలు విప్పారు. ఇదే రకం ఇంధనం, ఒకప్పుడు సోవియట్‌లో భాగమైన జార్జియా దేశపు అడవిలో 2001లో కట్టెలకి వెళ్ళిన ముగ్గురికి దొరికింది, చుట్టూ మంచు కరిగిపోయి వెచ్చగా ఉందని రాత్రంతా పక్కన పెట్టుకుని పడుకున్నారు, తీవ్రంగా కాలిపోయారు. వస్తువు తయారు చేసిన రోజే దాన్ని వెనక్కి ఎవరు తెస్తారో రాసి ఉండాలి.

బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) మా పక్కనే వస్తోంది కదా. మన దేశంలో ఈ ప్లుటోనియం-238 చేస్తారా? మనకీ ఇస్రో, నేవీ మధ్య ఇలాంటి పోటీ వస్తుందా?
– టీచర్, అచ్యుతాపురం

మన దగ్గర మొదటి అడుగులు పడ్డాయి మాస్టారూ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది, విక్రమ్, ప్రజ్ఞాన్ అక్కడి పగటి వేళ పనిచేసి రాత్రి రాబోతుండగా నిద్రపోయాయి, ఆ చలికి మళ్ళీ లేవలేదు. వాటిలో వేడినిచ్చే అణు పరికరం లేదు. కానీ పైన తిరిగే ప్రొపల్షన్ మాడ్యూల్‌లో బార్క్ వాళ్ళు చేసిన ఒక్కో వాటు హీటర్లు రెండు పెట్టి చూశారు, పనిచేశాయి. 100 వాట్ల ఆర్టీజీ కోసం ఇస్రో 2021లో ప్రపోజల్స్ అడిగింది. యూరప్ వాళ్ళు అయితే ప్లుటోనియం-238 జోలికే పోకుండా అమెరిసియం-241 వైపు వెళ్తున్నారు, బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి నిల్వ ఉన్న పాత ప్లుటోనియంలో అది దానంతట అదే పుడుతుంది, విడదీస్తే చాలు. గ్రాముకి వేడి ఐదో వంతే వస్తుంది గానీ అర్ధాయువు 432 ఏళ్ళు. వాడేసిన ఇంధనాన్ని విడదీసే ప్లాంట్లు మనకీ తారాపూర్‌లో, కల్పాక్కంలో ఉన్నాయి కాబట్టి ఆ దారి మనకి మూసిపోయిందేం కాదు, నన్నడిగితే మనం ముందు అటే చూడాలి, ఎందుకంటే దాని మీద రక్షణ వాళ్ళ పోటీ తక్కువ, కొత్త రియాక్టరు టైము కూడా అక్కర్లేదు.

పోటీ వస్తుందా అన్నారు, వేరే సరుకు మీద మనకి ఇప్పటికే వచ్చింది. 2008 చుట్టుపక్కల దేశంలో యురేనియం చాలక అణు విద్యుత్ కేంద్రాలు సగం సామర్థ్యానికే నడిచాయి, అప్పుడు జార్ఖండ్ గనులే దిక్కు, మన కడప జిల్లా తుమ్మలపల్లె ఇంకా మొదలు కాలేదు. ఉన్న కొంచెం యురేనియంలో కరెంటుకి ఎంత, రక్షణ కార్యక్రమానికి ఎంత అనే ప్రశ్న అప్పట్లో ఢిల్లీలో పెద్ద చర్చ. 2006లో పౌర రియాక్టర్లు వేరు, రక్షణవి వేరు అని విడదీసే ప్లాన్ పెట్టారు, 2008 సెప్టెంబర్‌లో అణు సరఫరా దేశాలు మనకి ఇంధనం అమ్మడానికి అనుమతి ఇచ్చాయి, ఆ తర్వాత కజకిస్తాన్, రష్యా, ఫ్రాన్స్ నుంచి యురేనియం వచ్చింది. షరతు మాత్రం రష్యా అమెరికాకి పెట్టిన లాంటిదే, బయటి నుంచి తెచ్చినది అంతర్జాతీయ తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. దాంతో దేశంలో తవ్వినదాన్ని తనిఖీ లేని వాటికి ఉంచుకునే వీలు దొరికింది. కానీ మనకి ఒక తేడా ఉంది, ఆ విభజన కాగితం మీద రాసి పార్లమెంటులో పెట్టారు, 22 రియాక్టర్లలో 14 పౌర వైపు అని అందరికీ తెలుసు, దాని మీద రోజుల తరబడి కొట్లాడుకున్నారు కూడా, ప్రభుత్వమే పడిపోయే దాకా వచ్చింది. అలా కొట్లాడుకోవడమే మంచిదని నేను నమ్ముతాను. అణుశక్తి శాఖ, అంతరిక్ష శాఖ రెండూ ప్రధాని కిందే ఉన్నాయి కాబట్టి ఈ వేడి సరుకు కిలోల్లో తయారవడం మొదలు కాకముందే, ఇస్రోకి ఇంత వాటా అని రాసి పెట్టడం మనకి అమెరికా కంటే తేలిక. గ్రాముల్లో ఉన్నప్పుడే రాసుకోవాలి, చేతిలోకి కిలోలు వచ్చాక ఎవరూ వదులుకోరు.

నేను పదో తరగతి. ఈ పని చేయాలంటే ఏం చదవాలి? అంతా అమెరికా వెళ్ళాల్సిందేనా?
– ఒక అమ్మాయి, భీమిలి

అక్కర్లేదు తల్లీ. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే న్యూక్లియర్ ఫిజిక్స్‌కి పేరున్న విభాగం ఉంది, స్వామి జ్ఞానానంద గారు నిలబెట్టారు, సన్యాసం తీసుకుని కూడా ప్రయోగశాల వదలని మనిషి. అందరూ ఫిజిక్స్ అనుకుంటారు గానీ, ఈ కొరతలో నిజంగా ఆగిపోయేది కెమిస్ట్రీ దగ్గర. రియాక్టర్ నుంచి వచ్చిన కడ్డీలో నెప్ట్యూనియం, ప్లుటోనియం, ఇంకా పదుల రకాల చెత్త కలిసి ఉంటాయి, అద్దం వెనక రోబో చేతులతో గ్రాము గ్రాము విడదీసే రేడియోకెమిస్టులు చాలా తక్కువ మంది. 1988 తర్వాత అమెరికాలో ఉత్పత్తి ఆగినప్పుడు తెలిసిన వాళ్ళు రిటైరైపోయారు, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చేతి పని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది, ఆలస్యానికి అదీ ఒక కారణం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకో, కెమిస్ట్రీ మార్కుల కోసం కాకుండా ల్యాబ్‌లో చేత్తో చేసి నేర్చుకో. తర్వాత కెమికల్ ఇంజనీరింగ్ అయినా సరే, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయినా సరే, బార్క్ ట్రైనింగ్ స్కూల్ రెండింటికీ తలుపు తీస్తుంది, ఇంజనీరింగ్ వైపు గేట్ స్కోర్ కూడా చూస్తారు. సెలెక్ట్ అయితే ఏడాది ట్రైనింగ్, స్టైపెండ్ ఇస్తారు. ఈ లోపు ఏ సందేహం వచ్చినా ఈ పేజీకి రాస్తూ ఉండు, జవాబు తప్పకుండా ఇస్తాం.